తెర మీద నమస్కారం పెట్టిన సార్

మా ల్యాబ్ సార్ పోయారని మంగళవారం పొద్దున వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. "మీకు ముందు చెప్పమని అమ్మ అనింది" అన్నాడు. ఆ మర్యాదకు నేను ఏమాత్రం తగనని నాకు తెలుసు. అందుకే ఇది రాస్తున్నాను.

తిరుపతిలో పాలిటెక్నిక్ చదివేటప్పుడు ఆయన మాకు కంప్యూటర్ ల్యాబ్ చూసేవారు. నగరి నేతవాళ్ల ఇంట్లో పుట్టిన మనిషి. రిటైరైనా చొక్కా జేబులో సుద్దముక్క ఉండేది, పలక లేకపోతే నేల మీదే గీసి చెప్పేవారు. సొంతూరు చేరాక ఆయన పట్టుకున్న పని కాస్త వింతది. ఎవరెవరో రాసి, కోడ్‌తో సహా ఉచితంగా లోకానికి వదిలేసిన వెబ్ సాఫ్ట్‌వేర్లను తన కంప్యూటర్‌లోకి దించుకుని, వాటిలో కన్నాలు వెతికేవారు. వేరేవాళ్ల సైటు మీద ఎన్నడూ చెయ్యి వేయలేదు. కన్నం దొరికితే రాసినవాళ్లకు గుట్టుగా ఒక ఉత్తరం. మొదటి వాక్యం ఎప్పుడూ ఒకటే: మీ పని బాగుంది, నేను వాడి చూశాను. వాళ్లు సరిచేసేదాకా మూడో మనిషికి చెప్పేవారు కాదు.

ఆయనకు దొరికేది ఎక్కువగా ఒకే రకం కన్నం. ఫారంలో పేరో ఊరో రాసే గడి ఉంటుంది కదా, అక్కడ ఎవడో మాటలకు బదులు చిన్న ప్రోగ్రాం రాశాడనుకోండి. దాన్ని ఉత్త అక్షరాలుగానే చూపించాలి. అలా చూపించకపోతే, ఆ పేజీ తెరిచిన మనిషి బ్రౌజర్‌లో అది నడిచిపోతుంది, ఆ మనిషి పేరు మీదే పనులు చేసేస్తుంది. దీన్ని క్రాస్-సైట్ స్క్రిప్టింగ్ అంటారు. పరీక్ష కోసం అందరూ తెర మీద అంకెలేవో కనబడేట్టు రాస్తారు. సార్ రాస్తే "నమస్కారం" అని వచ్చేది. "తలుపు తీసుండాదని చెప్పేదానికి వచ్చినాం అబ్బా. వచ్చినోడు నమస్కారం పెట్టాల కదా" అనేవారు.

నేనూ లాడ్జీల కోసం గదుల బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి రాసి అలాగే అందరికీ వదిలాను. తెగ మురిసిపోయాను కూడా. తిరుచానూరులో ఒక లాడ్జి దాన్ని వాడేది. ఫారం చివర "ఇంకేమైనా చెప్పాలా" అని ఒక గడి పెట్టాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కింది గది ఇవ్వండి అని యాత్రికులు అందులో రాసేవారు. అది కౌంటర్లో కూర్చునే అమ్మాయి తెర మీద కనబడేది.

ఒక శుక్రవారం పది కుటుంబాలు సామాన్లతో దిగితే ఒక్కరికీ గది లేదు. బుకింగులన్నీ రద్దయి ఉన్నాయి. రద్దు చేసినట్టు ఉన్నది ఆ అమ్మాయి పేరు. ఓనర్ నాకు ఫోన్ చేశాడు. నేను లాగ్, అంటే ఎవరు ఏం చేశారో సాఫ్ట్‌వేర్ రాసిపెట్టుకునే చిట్టా చూసి, "సాఫ్ట్‌వేర్‌లో తప్పేం లేదు, ఆమె లాగిన్‌తోనే జరిగింది" అన్నాను. రెండు నిమిషాల్లో అనేశాను. పక్క లాడ్జితో కుమ్మక్కైందని ఆయన ఆమెను రేపట్నుంచి రావద్దన్నాడు.

మధ్యాహ్నం వేరే పని మీద సార్‌తో మాట్లాడుతూ ఇదీ చెప్పాను.

"ఆ పాపను అడిగినావా?" అన్నారు.

"అడిగేదేముంది సార్, లాగ్‌లో ఉంది."

"లాగ్‌లో ఉండేది పేరప్పా. మనిషి కాదు."

ఆదివారం పొద్దున పుత్తూరు మీదుగా వచ్చే బస్సెక్కి తిరుపతిలోని మా ఆఫీసుకు వచ్చేశారు. "నీ పని నేనింకా సూడలే. తెరువు" అన్నారు. నా కంప్యూటర్‌లోని కాపీలో ఆ చివరి గడిలో ఒక వరుస కొట్టి, కౌంటర్ పేజీ తెరిచారు. నమస్కారం! ఎవడో ఆ గడిలో రాసిన ప్రోగ్రామే ఆ అమ్మాయి తెర మీద నడిచి, ఆమె పేరుతో బుకింగులు రద్దు చేసిందన్నమాట.

అప్పుడు కూడా తెలివి చూపించబోయాను. అలాంటి ప్రోగ్రాంలో వచ్చే స్క్రిప్ట్ అనే మాట ఎవరు రాసినా ఆపేసేట్టు పది నిమిషాల్లో మార్చి, అయిపోయింది సార్ అన్నాను. ఆయన ఆ మాట వాడకుండా, ఎక్కడా లేని ఒక బొమ్మను చూపించమన్నట్టు ఇంకోలా రాశారు. మళ్లీ నమస్కారం.

"ఎన్ని మాటలని ఆపుతావు? రాసేవాళ్లను రాయనీ. సూపించేకాడ జాగ్రత్త పడు. ఏం రాసినా అక్షరంగానే సూపించు."

ఈ మాట కాలేజీలోనూ చెప్పారు. అప్పుడు మార్కుల కోసం రాసుకున్నాను.

దిద్దడానికి కూర్చోబోతే ఆయన లేచి నిలబడ్డారు. "ఆ లాడ్జి సైటు ఆపి పెట్టు. ముందు తిరుచానూరు పోదాం పా."

ఫోన్లో చెప్తాలెండి సార్ అని నసిగాను.

"నింద నోటితో ఏసినావు. నోటితోనే తియ్యాల, ఆ పాప ముందర."

అక్కడ సార్ ఆమెను లాడ్జికి పిలిపించారు. కౌంటర్ దగ్గర నలుగురు యాత్రికులు వింటుండగా, తప్పు ఈమెది కాదు, నాది అని ఓనర్‌కు చెప్పాను. సార్ గోడకు ఆనుకుని గమ్మున నిలబడ్డారే గానీ ఒక్క మాట సాయం రాలేదు. ఆయన మీద కోపం కూడా వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, "ఇది ఇంకా ఎవరెవరు వాడతాండారో అందరికీ రాయి. దాచిపెడితే ఇంకో ఊర్లో ఇంకో పాప ఏడుస్తాది" అన్నారు. దిద్దినదాంతో పాటు ఆరోజే అందరికీ రాశాను.

మంగళవారం నేను నగరి చేరేసరికి వాళ్ల వీధిలో మరమగ్గాలన్నీ ఆపేసి ఉన్నాయి. ఆ లాడ్జి అమ్మాయి నాకంటే ముందే వచ్చింది. ఏం మాట్లాడాలో తోచక, "ఆ రోజు సార్ ఆ తప్పు పట్టుకోకపోయుంటే..." అన్నాను.

"పట్టుకునింది తర్వాత కదన్నా. నన్ను రావద్దన్న దినమే సార్ లాడ్జికి ఫోన్ చేసి నా నంబరు కనుక్కున్నారు. నువ్వు సెయ్యలేదమ్మా, నాకు తెలుసు, రెండు దినాలు ఓర్చుకో అన్నారు. అప్పుడు మా నాయన కూడా నన్ను నమ్మలే."

శుక్రవారం నాటికి సార్ నా కోడ్ తెరిచి కూడా చూడలేదు.

లోపల్నుంచి ఎవరో నీళ్లు అడిగారు. ఆమె కొంగు దోపుకుని, ఇంటి ఆడపిల్లలాగా వచ్చినవాళ్లందరికీ నీళ్లు ఇస్తూ, నా వరుస రాగానే నాకూ ఒక గ్లాసు అందించింది. అది చేతిలో పట్టుకుని, తాగకుండానే నిలబడ్డాను.