డ్యాష్ పొడుగు గురువు

పండరీ బట్టల బజారులో కొన్న తువ్వాళ్ల మీద నాకు ఎప్పుడూ సదభిప్రాయం లేదు. మొదటి ఉతుకులో రంగు పోతుంది, రెండో ఉతుకుకి అవతలి మనిషి కనిపిస్తాడు. అయినా ఆ ఏడాది ఆసుపత్రికని అరడజను కొనక తప్పలేదు. రిటైరైన నాలుగో నెలలో నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి కొంచెం, మాట పూర్తిగా పోయాయి. మాట తిరిగి వస్తుందా అని అడిగితే డాక్టరుగారు చాలాసేపు ఆలోచించి, "రావచ్చు, రాకపోవచ్చు" అన్నారు. పెద్ద చదువులు చదివిన మనిషి.

నాన్న రాయపూర్ స్టేషన్ తంతి ఆఫీసులో ముప్పై ఏళ్లు టకటకలాడించారు. తీరిక దొరికితే పద్యాలు అల్లేవారు. లఘువు ఎంతసేపో గురువు దానికి రెండింతలు. ఇది ఛందస్సు లెక్క. తంతి లెక్క వేరు. డాట్ ఎంతసేపో డ్యాష్ దానికి మూడింతలు. పద్యం చదువుతూ నాన్న వేలితో బల్ల మీద కొట్టేవారు. ఆ వేలు ఎప్పుడూ డ్యూటీ దిగేది కాదు. గురువు వచ్చిన చోటల్లా గొంతు మూడింతలు సాగేది. రైల్వే కాలనీ ఉగాది సభలో ఆయన నాలుగు పాదాలు ముగించేలోగా పకోడీలు చల్లారిపోయేవి. నేను చెప్పి చూశాను.

"డ్యాష్ పొట్టిదైతే అవతల స్టేషన్‌వాడికి సమఝ్ అవదురా" అనేవారు.

ఆసుపత్రి నుంచి తెచ్చాక ఒక సాయంత్రం ఆయన పద్యమే ఎత్తుకున్నాను. ఊళ్లోని తెలీబంధా చెరువు చూసి రాసింది: "చెరువు గట్టు మీద చిన్నవాన కురిసె." మంచం పట్టె మీద వేలితో కొట్టాను, శాస్త్రప్రకారం గురువుకి రెండు. ఆయన పెదవి కదలలేదు. మర్నాడూ అంతే. నాలుగో రోజు వంటింట్లోంచి అమ్మ అంది:

"ఆయన లెక్కలో కొట్టరా. నీ కాలేజీ లెక్క ఆయనకి ఎప్పుడెక్కిందని?"

సిగ్గుపడుతూనే మూడింతలు లాగాను. "చెరువు గట్..." దగ్గర ఊపిరి చాలక ఆగాను. నాన్న ఎడమ చూపుడువేలు దుప్పటి మీద చిన్నగా తట్టింది.

"టు" అన్నారు.

అమ్మ గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది.

వారానికి పాదం వచ్చింది, నెలకి పద్యం వచ్చింది. సొంత మాట మాత్రం ఒక్కటీ రాలేదు. మంచినీళ్లు కావాలన్నా వేలు చూపించడమే. ఇక ఇంతేనేమో అని అమ్మా నేనూ అనుకోలేదు. అంటే, అనుకున్నట్టు ఒకరికొకరం తెలియనివ్వలేదు.

ఒక ఉదయం నేను ఎప్పటిలాగే గట్టును లాగుతూ ఉంటే ఎడమచెయ్యి ఎత్తి ఆపారు. ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నారు:

"ఎందుకురా... అంత సాగదీస్తావు? బీఏ చదివి... లఘువుకీ గురువుకీ... ఫరక్ తెలీదా?"