పెళ్లిలో మా రాక్ బ్యాండు

ఈ రోజు పామర్రులో మా బ్యాండు మొదటిసారి ఓ పెళ్లిలో వాయించింది. ఇన్నాళ్లూ మా ఊరి వన్ టౌన్‌లో ఓ ఖాళీ గోడౌన్‌లో చేరి, ట్రాన్సిస్టర్‌లో విని నేర్చుకున్న ఇంగ్లీషు రాక్ పాటలూ, మా గిటారిస్టు డేవిడ్ కట్టిన బాణీలూ చెవులు చిల్లులు పడేలా వాయించుకునేవాళ్లం. వినడానికి ఎవరూ రావడం లేదు, సినిమా పాటలు వాయిద్దామని నేనే అన్నాను. ఆ మాటకి డేవిడ్ నాతో మాట్లాడటం మానేశాడు. పెళ్లికూతురు తన పిన్ని కూతురు కాబట్టి ఇవాళ మాత్రం వచ్చాడు.

పందిట్లో అందరికీ తెలిసిన సినిమా మెలొడీ ఒకటి ఎత్తుకున్నాం. డేవిడ్ వాళ్లమ్మ మరియమ్మగారు కుర్చీ లాక్కుని మా ఎదురుగా కూర్చున్నారు. ఇంట్లో వాడు గిటార్ తీస్తే తలుపులు మూసేసే మనిషి, మాతో పాటు పెదాలు కదుపుతూ పాడారు.

పాట అయ్యాక డేవిడ్ అడిగాడు, "బాగుందామ్మా?"

"బాగుందిరా. ఇన్నాళ్లూ నువ్వు ఎవరి మీదో కోపంతో వాయిస్తున్నావనుకున్నా."

"కోపం కాదమ్మా. సంతోషం వస్తే అట్లా వాయిస్తా."

ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకు జరుపుకున్నారు. "అయితే అది కూడా వాయించు, వింటా."

డేవిడ్ యాంప్లిఫయర్ పెంచి తన సొంత బాణీ అందుకున్నాడు. పెద్దవాళ్లు కొందరు లేచి వెళ్లిపోయారు. మరియమ్మగారు మాత్రం చెవుల మీద కొంగు కప్పుకుని చివరిదాకా కూర్చున్నారు.

తిరుగు బస్సులో డేవిడ్ నా పక్కనే కూర్చుని, "వచ్చే పెళ్లిలో ఏం వాయిద్దాం?" అన్నాడు.

సినిమా పాటలకి దిగి మా బ్యాండు చెడిపోయిందని రేపు మిత్రులంటారు. కావచ్చు. కానీ ఆ సినిమా పాట వాయించకపోతే, ఆ తల్లి తన కొడుకు పాట ఎప్పటికైనా వినేదా? మీరే చెప్పండి.