ఎర్ర సిరాలో పదిహేడు రోజులు

ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ణి. అంటే, టేకులపల్లి అటవీ కార్యాలయంలో గుమాస్తాగా రిటైరై రెండేళ్లే అయింది; కంప్యూటర్ వచ్చేసిందన్న పొగరు కొత్తగా పట్టిన వయసు. ముప్పై ఎనిమిదేళ్ల డైరీలకు చెదలు పట్టడంతో, అన్నిటినీ ఓపికగా టైపు చేసి, అసలు పుస్తకాలను నేనే తగలబెట్టాను (పని ఎప్పుడూ సగంలో వదిలే అలవాటు లేదు). ఇక నా జీవితమంతా ఆ పెట్టెలోనే. మరో నకలు లేదు.

ఒక ఉదయం తెర మూల ఎర్ర హెచ్చరిక లేచింది: మెమరీలో ట్రోజన్ కనబడిందట, యాంటీవైరస్ దాన్ని అడ్డుకుందట. మంచి ప్రోగ్రామ్ వేషంలో దూరే దొంగను ట్రోజన్ అంటారని, కంప్యూటర్ ఆపితే మెమరీలో ఉన్నదంతా చెరిగిపోతుందని ఎక్కడో చదివాను. ఆ రెండు ముక్కల పాండిత్యంతో హెచ్చరికను ఎర్ర సిరాతో కొత్త డైరీలో రాసుకుని, మిషన్ ఆపి, టీకి వెళ్లాను. మర్నాడు మళ్లీ వచ్చింది. మళ్లీ రాసుకున్నాను. ఇలా పదిహేడు రోజులు.

"ఏంది, దొంగకు గూడ హాజరు వేస్తున్నరా?" అంది మా ఇంటావిడ.

పద్దెనిమిదో రోజు ఫైళ్లు తెరుచుకోలేదు. ఖమ్మంలో కంప్యూటర్ దుకాణం నడిపే భాయ్‌కి ఫోన్ చేస్తే, "ముందు నెట్ వైరు పీకుండ్రి. మిషన్ జల్దీ పట్టుకరాండ్రి" అన్నాడు. మిషన్‌తో పాటు డైరీ కూడా పట్టుకెళ్లి, ఎర్ర సిరా పేజీలు చూపించాను.

"డైరీలన్నీ పోతాయా భాయ్?"

"చూద్దాం సార్. మీరు అడవి ఆఫీసుల జేసిన్రు గదా. చేన్ల పడ్డ పందిని రోజూ తోలిన్రు, కంచెకున్న గండి చూడలే. మెమరీల ఉన్నది బంద్ జేస్తే పోతది. పొద్దుగాల మళ్ల దాన్ని ఏదో లేపుతున్నది. ఎర్రగ రాసిన మొదటి రోజుకు ముందు రోజు ఏం రాసిన్రు?"

పేజీ తిప్పి పైకి చదివాను. "'ఉచిత పంచాంగం ఎక్కించాను. యాంటీవైరస్ అడ్డుపడితే అనుమతించు అని నొక్కాను. మిషన్ తెరవగానే తిథి చెబుతోంది. చాలా బాగుంది.'"

భాయ్ నవ్వలేదు. అదే ఎక్కువ బాధ. మిషన్‌తో పాటు లేచే వాటిలోంచి పంచాంగాన్ని పీకేశాడు, వేరే డిస్కుతో మిషన్ తెరిచి మొత్తం వెతికించాడు, పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్‌లో నాచేత మార్పించాడు. సాయంత్రానికి డైరీలు రెండు నకళ్లయి బయటపడ్డాయి.

"అన్నీ రాస్తరు గని, ఎన్నడన్న తిప్పి చదివిన్రా సార్?" అన్నాడు పెట్టె అందిస్తూ.

ముప్పై ఎనిమిదేళ్లలో చదవలేదు; టైపు చేసినప్పుడు కూడా అక్షరాలే చూశాను. ఇప్పుడు రోజూ రాసేముందు ఒక పాత పేజీ చదువుతాను. నిన్న ఖమ్మం వెళ్లిన రోజుదే వచ్చింది: 'దొంగ దొరికాడు. తలుపు తీసింది నేనే.' కింద, ఎర్ర సిరాతో, ఆనాటి తిథి కూడా ఉంది. ఆ పొద్దున ఉచిత పంచాంగం చెప్పిందే. అచ్చు పంచాంగంతో సరిచూశాను, తప్పు తిథి.