మొసలి మడుగు ముందు నా పరీక్ష

విదేశంలో చదువుకున్న మొదటి ఏడాది నేను తిరిగినన్ని మ్యూజియాలు, జంతువుల పార్కులు మా ఊరు బాంబూఫ్లాట్‌లో ఎవరూ తిరిగి ఉండరు. సరదాకి కాదు, నా చదువే అది. చూడడానికి వచ్చినవాళ్లకు అక్కడి వస్తువుల గురించీ జంతువుల గురించీ చెప్పడం నేర్పే కోర్సు. చివర్లో నిజమైన జనం ముందు నిలబడి మాట్లాడాలి. అందులో తప్పితే ఏడాదంతా గంగపాలే.

మొదట ఆ పరీక్ష మ్యూజియంలో పెట్టారు. పాత గ్రీకు కుండల ముందు బట్టీ పట్టిందంతా గడగడా మొదలుపెట్టి, మధ్యలో నోరు పెగలక ఆగిపోయాను. వింటున్నవాళ్లు మర్యాదగా పక్క గదిలోకి జారుకున్నారు. "ఇంకొక్క అవకాశం ఇస్తాను, జంతువుల పార్కులో. ఏ జంతువో నువ్వే ఎంచుకో," అంది మా మేడమ్.

ఆ వారమంతా పార్కులోనే ఉన్నాను. పెంగ్విన్లు ముద్దొచ్చాయి గానీ వాటి గురించి నాకేం తెలుసు? మొసలి మడుగు దగ్గర మాత్రం కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. మడుగు చుట్టూ మందపాటి అద్దం, దానికి ముక్కులు ఆనించి పిల్లలు. నాతో వచ్చిన క్లాసు అమ్మాయి కూడా అద్దం మీద చెయ్యి వేయబోతే, జబ్బ పట్టుకుని వెనక్కి లాగేశాను. ఆమె పగలబడి నవ్వింది. నాకు ఒళ్లు మండింది. మొసళ్లు తిరిగే ఉప్పునీటి క్రీకు పక్కన పెరిగినవాళ్లెవరూ నీళ్ల అంచుకి అలా వెళ్లరు మరి.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి, మేం మగర్ అనే ఈ మొసలి గురించి జనానికి ఏం చెప్పమంటావని అడిగాను.

"అందులో ఏటుందే బేటీ? మీ మామ్మ మనకి సెప్పిందే సెప్పు. రోజూ ఒకే టైముకి ఒకే కాడ నీళ్లలో దిగొద్దు. సేపలు కడిగిన నీళ్లు జెట్టీ కాడ పారబొయ్యొద్దు. మగర్ మన్ని సూసి నేర్సుకుంటాది. బస్, అంతే."

రాసుకున్న కాగితాలన్నీ చెత్తబుట్టలో పడేశాను.

పరీక్ష రోజు పొద్దున జనం బాగానే చేరారు. ముందు అందర్నీ వెనక్కి జరగమన్నాను. నవ్వుతూనే జరిగారు. మా క్రీకు గురించి, ఇవాళ గిన్నెలు కడిగిన చోట రేపు కడగని ఆడవాళ్ల గురించి చెప్పాను. నా ఇంగ్లీషు తడబడుతూనే ఉంది, నేను మాత్రం ఆగలేదు.

"ఇప్పుడు మొసలి ఎక్కడుంది?" అని అడిగాను. అందరూ అవతలి ఒడ్డున ఇసుక మీద వెతికారు. నిజానికి నాకూ కనబడలేదు. కానీ దానికి మాంసం వేసే కీపర్ రోజూ ఈ వేళకే ఎడమవైపు తలుపు తెరుచుకుని వస్తాడని వారమంతా చూసి ఉన్నాను. చెయ్యి చాపి ఆ తలుపు కింద నీళ్లలో చూడమన్నాను.

రెండు కళ్లు, ముక్కు కొస. అంతే పైకి ఉన్నాయి. మిగతా మొసలంతా నీళ్ల కింద, తలుపు వైపే తిరిగి ఉంది.

ఈసారి చెప్పకుండానే అందరూ ఇంకో అడుగు వెనక్కి వేశారు. నాకైతే కొండెక్కి కూర్చున్నంత గర్వంగా ఉంది. తర్వాత ప్రశ్నలు మొదలయ్యాయి. పిల్లలు ఎక్కడ ఈత కొడతారు, రాత్రిళ్లు పడవ ఎలా ఎక్కుతారు, ఇంకా ఏవేవో. మేడమ్ చెయ్యెత్తి, టైమైపోయింది, పాసయ్యావు, ఇక చాలు అంది.

జనం కదల్లేదు. నేనూ ఆపలేదు.