కళ్ళలో పసుపు

పసుపు ఉడికే నెలల్లో నందిపేటలో పచ్చగా లేని మనిషి ఉండడు. చంద్రవ్వ చేతులు, పాదాలు, కొంగు అన్నీ పసుపే. అందుకే 1973 మాఘంలో ఆమె ఒంట్లోంచి వచ్చిన పసుపును ఇంట్లో ఎవరూ పోల్చుకోలేదు.

కుడి డొక్కలో నొప్పి చిన్ననాటి నుంచీ వచ్చిపోయేదే. రెండుసార్లు పచ్చకామెర్లు కూడా వచ్చాయి. రెండుసార్లూ ముంజేతిమీద వాత పెట్టించారు. కామెర్లు తగ్గాయి, మచ్చలు గాజుల కింద ఉండిపోయాయి.

ఒకనాడు నిజామాబాదు నుంచి గాజులమ్మే హుసేన్ బీ పసుపు ఉడికించే కళ్ళం దగ్గరికి వచ్చింది. చంద్రవ్వ చేతికి సబ్బు రాసి, రెండు గాజులు ఎక్కించి, మూడోది పట్టుకుని ఆగింది.

"ఏందక్కా, చెయ్యి సూడక నా మొకం సూస్తున్నవు?"

"గాజు నొప్పి ముందు మొకంలనే తెలుస్తది బేటీ. చేతుల పసుపు కడిగితే పోతది. కండ్లల్లది యాడికెళ్ళొచ్చింది?"

"కండ్లల్ల గూడ పంట తీస్తున్నం," అంది చంద్రవ్వ.

హుసేన్ బీ నవ్వలేదు. మూడో గాజు మూటలో పెట్టేసి, చంద్రవ్వ భర్త లింబయ్యను పిలిచి ఆ కళ్ళు చూపించింది. ఆ వారంలోనే అతను భార్యను హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు.

పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "కాలేయంలోంచి పైత్యరసం పేగులోకి పోయే గొట్టం నీకు పుట్టుకతోనే సంచిలా ఉబ్బి ఉందమ్మా. సంచిని అలాగే ఉంచి రసానికి వేరే దారి చేయొచ్చు. అది చిన్న ఆపరేషన్. కానీ సంచి లోపలే ఉంటే, పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో అందులో క్యాన్సర్ పుట్టే భయం ఎక్కువ. మొత్తం తీసేస్తే ఆ భయం చాలా తగ్గుతుంది. అయితే అది పెద్ద ఆపరేషన్. మీరే ఆలోచించుకోండి."

వరండాలోకి వచ్చాక లింబయ్య నోరు విప్పాడు. "చిన్నదే చేయించుకుందామే. నొప్పి పోతే సాలదా? ఎన్నడో వచ్చేదానికి ఇయ్యాల పానం మీదికి తెచ్చుకుంటమా?"

చంద్రవ్వకూ భయంగానే ఉంది. వేళ్ళ సందుల్లో మిగిలిన పసుపును గీకుతూ అడిగింది.

"విత్తనం కుప్పల మెత్తవడ్డ దుంప కనవడితే ఏం జేస్తవు?"

"ఏరి పారేస్తా."

"కుళ్ళలేదు గదా, ఉండనీయరాదు?"

"కుళ్ళేదాక సూస్తే కుప్పే పోతది," అన్నాడు లింబయ్య. అని, భార్య మొహం చూసి తల దించుకున్నాడు. "నీతోని మాట్లాడుడే తప్పు."

సంచి మొత్తం తీసేశారు. చంద్రవ్వ రెండు నెలలు మంచంలో ఉంది. ఆ వానకాలం విత్తనం వేసేటప్పుడు గట్టుమీద కూర్చుని కూలీల తప్పులు ఎత్తిచూపింది. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోమన్న డాక్టరు మాటను మాత్రం గట్టిగా పట్టుకుంది.

మళ్ళీ మాఘం వచ్చింది. కళ్ళంలో పొయ్యి పొగలో చంద్రవ్వ పసుపు ముద్దలా ఉంది. హుసేన్ బీ మూట దించి, ముందు ఆమె గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది.

"తెల్లగున్నయి," అంది. "ఇగ చెయ్యియ్యి. పోయినేడు ఆపిన గాజు ఎయ్యాలె."