శ్రీకాంత్ బండి మళ్ళీ పలికింది

మా అబ్బాయి శ్రీకాంత్ పోయి ఏడాది దాటింది. వాడి పాత బండి ఇంజన్ రోజూ పొద్దున కాసేపు ఆన్ చేసి వింటాను. దసరా పూజ మర్నాటి నుంచి అది స్టార్ట్ కాలేదు. మీటర్‌లో ఇంజన్ లైటు మాత్రం ఆగి ఆగి వెలుగుతోంది.

"ఇయ్యాల బాగు కాకుంటే అమ్మేస్తా. దాన్ని సూస్తే నా పానం ఆగుతలేదు" అన్నాడు మా ఆయన.

బీరంగూడ నుంచి ట్రాలీలో పటాన్‌చెరు తీసుకుపోయాం. ఆ లైటు ఎన్నిసార్లు వెలిగి ఆరుతోందో లెక్కపెట్టి, దాన్నిబట్టి ఏ సెన్సర్ దగ్గర తేడా ఉందో మెకానిక్ యూసుఫ్ పట్టుకున్నాడు. దాని వైరు ఊడదీస్తే లోపలంతా పచ్చటి చిలుము, పైన కుంకుమ.

"అమ్మా, బండికి బొట్టు పెట్టినవ్, బరాబర్. సెన్సర్‌కు గూడ కొబ్బరినీళ్లు తాపినవా?"

"అన్నిటి మీద చల్లిన బిడ్డా. దేన్ని విడిచిపెట్టాల్నో నాకేమెరుక?"

"పరేషాన్ గాకు. కొత్తది అక్కర్లేదు, జెర తుడిస్తే ఐతది."

పాత టూత్‌బ్రష్‌తో ఓపికగా రుద్ది, చినిగిన రబ్బరు తొడుగు మార్చి, బటన్ నొక్కాడు. ఇంజన్ అందుకుంది. ఆ చప్పుడుకు నాకు ఏడుపు ఆగలేదు. వారానికొకసారైనా రోడ్డెక్కించమని చెప్పాడు యూసుఫ్.

ఇన్నాళ్ళూ ఆ బండిని ముట్టని మా ఆయన హ్యాండిల్ పట్టుకుని, "ఎక్కు, ఇంటికి పోదాం" అన్నాడు.

యూసుఫ్ పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. వచ్చే ఆదివారం ఇద్దరం బండి మీద ఎటు పోతే బాగుంటుందో మీరే చెప్పండి.