రిక్షాలో వచ్చిన నేరం

1963 జూలై 8, సోమవారం. మెట్‌పల్లి డాక్ బంగ్లా వరండాలో ఉన్నవారు: జిల్లా నుంచి విచారణకు వచ్చిన అధికారి, మా కచేరీలో నకళ్లు రాసే రాజలింగం, అతణ్ణి తీసుకొచ్చిన రిక్షా ఖాజామియా, హెడ్ గుమాస్తాగా నేను.

రాజలింగానికి చిన్నప్పుడే కాళ్లు సన్నబడిపోయాయి. చంకకర్రలతో వీధి దాటడమే గగనం. కచేరీకి రోజూ రిక్షా కావాలి, జీతంలో సగం దానికే పోయేది. అవిటి ఉద్యోగులకు సర్కారు రానుపోను ఖర్చు ఇస్తుందని తెలిసి అర్జీ పెట్టుకున్నాడు. ఈ విచారణ దాని మీదే. ఆ ఖర్చు రాకపోతే నౌకరీ మానుకోవడమే.

అధికారి రిక్షాను చూసి నవ్వాడు. "దర్జాగ రిక్షాల తిరుగుతున్నవ్, నీకు సర్కారు సాయమెందుకయ్యా?"

"రిక్షా గాదు సర్కార్, జర ఆయన కాళ్లు చూడున్రి," అన్నాడు ఖాజామియా.

"నువ్వు నోర్ముయ్. ఏమయ్యా, రేపు పొద్దుగాల ఇంటికాడికెల్లి గీడిదాక నడిచి రా. ఎంత కష్టమో నా కండ్లతోని చూసి రాస్త."

నేను అడ్డు చెప్పబోతే, "రూల్సు నీకు తెలుసా, నాకు తెలుసా?" అన్నాడు. ఆయన విచారణలు అంత నిక్కచ్చిగా ఉండేవి మరి!

మర్నాడు పొద్దున రాజలింగం బురదలో రెండుసార్లు పడి, లేచి, బంగ్లా చేరాడు. వెనక ఖాళీ రిక్షా తోసుకుంటూ ఖాజామియా, పక్కన నేను. తలుపుకు తాళం వేసి ఉంది.

"దొర బాసర దర్శనానికి పోయిండు. గిప్పుడే, జీపుల," అన్నాడు కావలివాడు.

రాజలింగం మెట్టు మీద కూలబడి, కర్రలకు అంటిన బురద తుడుచుకున్నాడు.

"పోనియ్యిండ్రి సారూ. పాపం, ఆయన కాళ్లు నాకన్న అధ్వానమున్నట్టున్నయ్. సర్కారు జీపే ఇచ్చింది."